పావు చుట్టు

"పావు చుట్టే తిరిగిందమ్మా. అక్కడికే బిగుసుకుపోయింది," అన్నాడు సరంగు. అని, తన కుడిచేతిని అదెవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

డిటెక్టివ్ కలం మూత తియ్యలేదు. ఈ మాట అతను రెండు రోజుల్లో పోలీసులకి, డాక్టరుకి, కూతురికి, అడిగినవాళ్ళందరికీ చెప్పాడు. ఒక్క ముక్క అటూ ఇటూ కాలేదు. తమని తాము కాపాడుకోవడానికి మాటలు మార్చే సాక్షులు ఆమెకి అలవాటే. తన మెడకి తనే ఉరి తగిలించుకుని, అదే మాట మీద నిలబడే మనిషిని చూడటం మాత్రం కొత్త.

డైవింగ్ ట్యాంకుల్లో గాలి నింపే గదిలో కూర్చున్నారు ఇద్దరూ. గోడవారగా ముప్పై ట్యాంకులు బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి. కంప్రెసర్ ఆగి రెండు రోజులైంది. గోడగడియారంలో పన్నెండూ పది.

"మొదట్నుంచీ చెప్పండి. ఆ పొద్దున చనిపోయిన ఆవిడ ట్యాంకు వాల్వ్ తెరిచింది మీరేనా?"

"నేనేనమ్మా. ఇరవై రెండేళ్ళుగా ఈ పడవ మీంచి ఎవరు దిగినా వాల్వ్ తెరిచేది నేనే. చివరిదాకా తిప్పుతాను. మళ్ళీ పావు చుట్టు వెనక్కి తిప్పుతాను. మరీ బిగిస్తే పట్టేస్తుందని మా గురువు నేర్పిన అలవాటు. ఇప్పటివాళ్ళు అక్కర్లేదంటారు. పలకమ్మ అయితే రోజూ నవ్వేది. 'బాబాయ్, నా పావు చుట్టు నీ దగ్గరే దాచావా, సాయంత్రం ఇచ్చెయ్యి' అనేది."

అతను గాలిలో వాల్వ్ తిప్పినట్టు చెయ్యి తిప్పి చూపించాడు, అటొకసారి, ఇటొకసారి.

"ఆ రోజు తెరిచాననే అనుకున్నాను. అటు తిప్పబోయి ఇటు తిప్పానేమో. పూర్తిగా మూసేసి పావు చుట్టు తెరిచానేమో. ఆ కాస్త సందులోంచి పైన ఉన్నప్పుడు గాలి బాగానే వస్తుంది, గేజి ముల్లూ నిండుగానే ఉంటుంది. లోతుకి పోయాక చాలదు. శవాన్ని పైకి లాగి వాల్వ్ మూద్దామని చూస్తే పావు చుట్టుకే ఆగిపోయింది. ఇంకేం కావాలమ్మా? ఆ పిల్లని నేనే పొట్టన పెట్టుకున్నాను."

"నాన్నా, ఊరుకో," అంది గుమ్మంలోంచి కూతురు. సముద్రంలో పగడాలు పెంచే ఆ కేంద్రంలో రబ్బరు సూట్లు కడిగి ఆరేసేదీ, తండ్రికి ఒంట్లో బాగాలేనప్పుడు పడవ నడిపేదీ ఆమే. డిటెక్టివ్‌ని పిలిపించింది కూడా ఆమే. "అక్కా, మూడింటికి కోర్టుకి తీసుకుపోతారట. అక్కడా ఇదే చెప్తాడు. చెప్పొద్దంటే వినడు. గుండెకి రెండుసార్లు ఆపరేషన్ అయిన మనిషి. లోపల వేస్తే మళ్ళీ బయటికి రాడు."

డిటెక్టివ్ లేచింది. "మూడింటికి ఇంకా చాలా టైముంది," అంది. అది అబద్ధమని ముగ్గురికీ తెలుసు.

*

చనిపోయిన మనిషి సముద్ర శాస్త్రవేత్త. ముప్పై నాలుగేళ్ళు. రెండేళ్ళ క్రితం ఇక్కడి నారుమడిలో పనికి వచ్చింది. నారుమడి అంటే నేల మీదిది కాదు. వేడెక్కిన నీళ్ళలో తెల్లబడి చచ్చిపోయిన పగడపు దిబ్బని మళ్ళీ బతికించడానికి, సన్నటి పగడపు ముక్కల్ని ప్లాస్టిక్ గొట్టాల చట్రాలకి వేలాడదీసి, సముద్రంలోనే ఏడాదిపాటు పెంచుతారు. ముదిరాక తీసుకెళ్ళి బోడిరాళ్ళ మీద సిమెంటుతో నాటుతారు. చూసిన ప్రతిదీ ప్లాస్టిక్ పలక మీద పెన్సిలుతో రాసుకునే అలవాటు వల్ల అందరూ ఆమెని పలకమ్మ అనేవాళ్ళు. అసలు పేరు వాళ్ళకి గుర్తొచ్చింది పోలీసు కాగితాలు రాసేటప్పుడే.

ఆమె సామాన్లన్నీ పక్కగదిలో బల్ల మీద పరిచి ఉన్నాయి. బల్లకి అవతల ఇన్‌స్పెక్టర్ కమలాపండు ఒలుచుకుంటున్నాడు.

"రండి అమ్మగారూ. సరంగు మీ దగ్గర కూడా ఒప్పుకున్నాడా, లేక ఆడవాళ్ళ ముందు మొహమాటపడ్డాడా?"

"ఒప్పుకున్నాడు. అందుకే అనుమానం వచ్చింది."

"మీకు ఒప్పుకున్నా అనుమానమే, ఒప్పుకోకపోయినా అనుమానమే. డిపార్టుమెంటులో ఉన్నప్పుడూ ఇదే గొడవ."

"నేనున్నప్పుడు నా అనుమానాల మీదే కదా మీకు రెండు ప్రమోషన్లు వచ్చాయి."

అతను ఒక తొన నోట్లో వేసుకుని చెయ్యి ఊపాడు, చూసుకోమన్నట్టు.

డిటెక్టివ్ మొదట చేతి కంప్యూటర్ తీసింది. గడియారం లాంటిదే. ఏ నిమిషానికి ఎంత లోతులో ఉన్నారో దానంతట అదే రాసుకుంటుంది. "తొమ్మిదీ నలభై రెండుకి నీళ్ళలో దిగింది. నలభై ఆరుకల్లా పద్దెనిమిది మీటర్లు. అక్కణ్ణుంచి పదీ పదకొండు దాకా కదలకుండా అదే లోతు. పదీ పదకొండుకి ఒక్కసారిగా రెండు మీటర్లు పైకి, వెంటనే అడుక్కి. ఇంక అంతే. ట్యాంకు గేజిలో గాలి ఇంకా నూట పది ఉంది. రెండు వందలతో దిగింది. అంటే ఇరవై అయిదు నిమిషాలు ఆవిడ హాయిగా గాలి పీలుస్తూ పని చేసుకుంది. లోతుకి పోయాక గాలి చాలకపోతే నాలుగో నిమిషానికే తెలియాలి కదా?"

"నిమ్మళంగా పని చేసుకుంటే ఆ కాస్త గాలీ సరిపోతుంది. ఇరవై అయిదో నిమిషంలో ఏదో బరువు లాగింది, ఊపిరి గట్టిగా పీల్చింది, చాల్లేదు. గాభరా పడింది. నేనూ కనుక్కున్నాలెండి. మీరొక్కరే చదువుకున్నవాళ్ళు కారు."

డిటెక్టివ్ చేతి కంప్యూటర్ పక్కన పెట్టింది. గాలి జాకెట్టు తిరగేసింది. ఎడమ భుజం దగ్గర చిన్న తాడు, తాడు చివర ఇనుప క్లిప్పు. క్లిప్పు నోరు వంగిపోయి ఉంది.

"పలక ఏది?"

"ఏ పలక?"

"ఆవిడని పలకమ్మ అని ఎందుకంటారో అడగలేదా? పలక ఈ క్లిప్పుకి తగిలించుకుంటుంది. తాడు తెగలేదు. క్లిప్పు వంగింది. అంటే ఎవరో బలంగా లాగారు."

"లేదా ఎక్కడో తగులుకుంది. మా ఈతగాడు దిగి పది నిమిషాలు వెతికాడు, కనపడలేదు. అది సముద్రమండీ, మీ ఇంటి అటక కాదు."

"నేను దిగుతాను."

ఇన్‌స్పెక్టర్ తొనలు పక్కన పెట్టాడు. "మీరా?"

అతను నవ్వలేదు. నవ్వితే బాగుండేది. తొమ్మిదేళ్ళ క్రితం డిపార్టుమెంటు శిక్షణలో, రెండోసారి సముద్రంలో దిగినప్పుడు, ఆమె నోట్లోంచి గాలి గొట్టం ఊడిపోయి, పిచ్చిపట్టినట్టు కేకలు పెడుతూ పైకి వచ్చినప్పుడు, చొక్కా పట్టుకుని నిచ్చెన మీదకి లాగింది ఇతనే. ఆ తరవాత ఆమె బకెట్టు నీళ్ళు తలమీద పోసుకోవాలన్నా కళ్ళు తెరిచే పోసుకునేది.

"ఒక్క పడవ, ఒక్కసారి," అన్నాడు చివరికి. "రెండున్నరకల్లా ఒడ్డున ఉండాలి. మూడింటికి నా జీపు కదులుతుంది, మీరు నీళ్ళలో ఉన్నాసరే."

*

ఆ రోజు పలకమ్మతో పాటు నీళ్ళలో దిగినవాళ్ళు ఇద్దరే. ఒకరు డైవింగ్ నేర్పే మాస్టారు. శవాన్ని పదీ ముప్పై ఎనిమిదికి చూసింది అతనే. రెండోవారు కేంద్రం డైరెక్టర్, అందరికీ పెద్దమ్మ. పన్నెండేళ్ళుగా ఆ నారుమడిని చేత్తో పెంచిన మనిషి. డిటెక్టివ్ ఇద్దరినీ సూట్లు ఆరేసే వరండాలో ఒకేసారి నిలబెట్టి అడిగింది.

"మాస్టారూ, పది నుంచి పదిన్నర దాకా ఎక్కడున్నారు?"

"ఉత్తరం అంచున. చట్రాల మీద నాచు తోముతున్నాను."

"ఒక్కరేనా?"

"ఒక్కడినే."

"మీ చేతి కంప్యూటర్ ఇవ్వండి."

"బ్యాటరీ పోయింది."

"ఎప్పుడు?"

మాస్టారు నేల చూశాడు. "ఆ రోజే."

"భలే రోజు చూసుకుని పోయింది. పెద్దమ్మగారూ, మీరు?"

"నారుమడి వెనక గోడ ఉంటుందమ్మా, పగడాలతో లేచిన రాతిగోడ. దాని ఫొటోలు తీస్తున్నాను. ఇదిగో కెమెరా. ప్రతి ఫొటో మీదా టైముంటుంది." అడక్కుండానే చేతిలో పెట్టింది. ఆఖరి ఫొటో పదీ రెండుకి తీసింది. "కార్డు నిండిపోయింది. మెల్లగా పైకి వచ్చి పదీ ఇరవై రెండుకి పడవెక్కాను. సరంగే చెయ్యి అందించాడు."

మధ్యలో ఇరవై నిమిషాలకి ఆవిడకీ సాక్ష్యం లేదని డిటెక్టివ్ గమనించకపోలేదు. కానీ ఒకరు అడక్కుండా చూపించారు, ఒకరు అడిగినా దాచారు.

"పోయిన వేసవిలో నీళ్ళు మరిగినట్టయ్యాయమ్మా," అంది పెద్దమ్మ, ఆరేసిన సూటు చేతిని మడత లేకుండా సర్దుతూ. "చుట్టుపక్కల నారుమళ్ళన్నీ నెలలో తెల్లబడి పోయాయి. మాదొక్కటే బతికింది. ఆ పిల్ల చెయ్యి అలాంటిది. మీరు దిగేట్టయితే నేను తీసుకెళ్తాను. మీ జోడీగా ఉంటాను. భయమా?"

"భయమే," అంది డిటెక్టివ్.

"చెప్పారు, అది చాలు. చెప్పనివాళ్ళతోనే కష్టం."

ఆవిడ లోపలికి వెళ్ళగానే మాస్టారు ఒక అడుగు ముందుకి వేశాడు. "మేడమ్, నాతో రండి. ఆవిడతో వద్దు."

"కారణం?"

అతను పెద్దమ్మ వెళ్ళిన గుమ్మం వైపు చూశాడు. "కారణం చెప్పలేను. నాతో రండి, అంతే."

"కారణం చెప్పనివాళ్ళతో ఆరంతస్తుల లోతుకి దిగమంటారా?" అని ఆమె సూటు అందుకుంది.

*

పడవ సరంగు కూతురు నడిపింది. ఇన్‌స్పెక్టర్ నీడపట్టున కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. మాస్టారు పడవ వెనకభాగంలో నిలబడ్డాడు. పెద్దమ్మ డిటెక్టివ్ నడుముకి బరువుల పట్టీ కట్టింది, జాకెట్టు బిగించింది, వీపు వెనక్కి వెళ్ళి వాల్వ్ తిప్పింది.

"చివరిదాకా తెరిచాను. పావు చుట్టు లేదు," అని చెవి దగ్గర మెల్లగా అంది. "ఈ వాల్వ్ ఎప్పుడూ మెడ వెనకే ఉంటుంది, మన చెయ్యి మనకి అందదు. అందుకే జోడీ. నీళ్ళలో జోడీ ఏం చెప్తే అది చెయ్యాలి. ఎందుకని అడగడానికి అక్కడ నోరుండదు. గుర్తుంచుకోండి, ఏం జరిగినా ఒక్క ఉదుటున పైకి రాకండి. ఊపిరితిత్తులు పగిలిపోతాయి."

ఒకటీ ముప్పై నాలుగుకి దిగారు.

నీళ్ళు చెవుల మీదుగా మూసుకున్నాయి. ఆమెకి మొదట వినపడింది తన ఊపిరే. గరగరా లోపలికి, బుడబుడా బయటికి. నీళ్ళు వెచ్చగా ఉన్నా వేళ్ళు చల్లబడ్డాయి. తాడు పట్టుకుని ఒక్కో చెయ్యి కిందికి జార్చింది. పెద్దమ్మ చెయ్యి ఆమె మోచేతి కింద మెత్తగా, గట్టిగా ఉంది. అయిదు మీటర్లు. గొట్టం పళ్ళతో కరిచి పట్టుకుంది, దవడలు నొప్పెట్టేదాకా. పది. పైన పడవ అరచేతి నీడంత అయింది. పద్నాలుగు. ఇక్కడ అరిస్తే ఎవరికీ వినపడదు. ఆ సంగతి ఆమెకి తొమ్మిదేళ్ళుగా తెలుసు.

పద్దెనిమిదిలో నారుమడి కనపడింది. తెల్లటి గొట్టాల చట్రాలు నీళ్ళ మధ్య తేలుతున్నాయి. ఒక్కోదానికీ వందల పగడపు కొమ్మలు సన్నటి దారాలకి వేలాడుతూ, అన్నీ ఒకేవైపుకి ఊగుతున్నాయి. ఏడో చట్రం కింద ఇసుకలో పోలీసులు పాతిన ఎర్రటి పుల్ల. పలకమ్మ పడి ఉన్న చోటు అదే.

డిటెక్టివ్ గేజి చూసుకుంది. నూట డెబ్భై. పెద్దమ్మది నూట తొంభై. తను గాలిని పీల్చడం లేదు, మింగేస్తోంది.

పోలీసు ఈతగాడు వెతికింది పుల్ల చుట్టూ ఉన్న ఇసుకలో. తెల్లటి పలకని చేత్తో లాగి విసిరితే అది తేలుతుందా, మునుగుతుందా అని ఆమె ముందే కేంద్రంలో తొట్టెలో వేసి చూసింది. మునుగుతుంది, కానీ నిలువునా కాదు, ఎండుటాకులా పక్కకి జారుతూ. ఆ రోజు నీళ్ళు కొమ్మల్ని ఇప్పుడు ఊపుతున్నవైపే నెట్టి ఉంటే, అది గోడ వైపు పోయి ఉండాలి. ఇసుకలో వెతకమని పెద్దమ్మకి సైగ చేసి, తను గోడ వైపు కదిలింది.

గోడ దగ్గరికి వచ్చాక ముందు ఆమెకి కనపడింది పలక కాదు. మోడులు. బతికి ఉన్న పగడాల మధ్య, వేలు లావున, నున్నగా కోసిన మోడులు. కోతలు ఇంకా పూర్తిగా మానలేదు. ఒకటి, నాలుగు, పది. పైన పొదలో, కింద అంచు చాటున, ఎక్కడ పడితే అక్కడ. ఎవరో తీరిగ్గా కత్తిరించుకుపోయారు.

ఆ మోడుల కింద రాతిపగులులో బురద పేరుకున్న తెల్లటి అంచు. ఆమె రెండు వేళ్ళతో లాగింది. పలక.

బురద బొటనవేలితో తుడిచింది. పెన్సిలు అక్షరాలు చెక్కు చెదరలేదు. పైన గుండ్రటి, పొందికైన రాత:

*గోడ మీద 41 మోడులు. మన నారుమడి వేసవిలోనే చచ్చిపోయింది. ఇప్పుడు వేలాడుతున్నవి ఇక్కడ కోసినవి. మీకు తెలుసా?*

దాని కింద వేరే చెయ్యి, పొడుగ్గా, కుడికి వాలిన రాత:

*పైకెళ్ళి మాట్లాడుకుందాం.*

దాని కింద అదే చెయ్యి, ఇంకాస్త తొందరగా:

*వెనక్కి తిరుగు. నీ వాల్వ్ దగ్గర బుడగలు.*

ఆ తరవాత ఏమీ లేదు.

జరిగింది మొత్తం డిటెక్టివ్ కళ్ళకి కట్టింది. నీళ్ళలో పనిచేసేవాళ్ళు ఈ మాట చదివితే ఆలోచించరు. వీపు తిప్పుతారు. పసిపిల్లలు తల దువ్వించుకోవడానికి తిరిగినంత నమ్మకంగా తిరుగుతారు. వాల్వ్ మూసెయ్యడానికి ఒక్క చెయ్యి, పలక లాక్కోవడానికి ఇంకో చెయ్యి. పెనుగులాటలో పలక జారిపోయింది. అంతా అయ్యాక వాల్వ్‌ని మళ్ళీ పావు చుట్టు తెరిచారు, ఆ పావు చుట్టు ఎవరి అలవాటో ఈ కేంద్రంలో ప్రతి ఒక్కరికీ తెలుసు కాబట్టి. పాపం సరంగు, తను చెయ్యని పనికి ఏడుస్తూ కూర్చున్నాడు. ఈ పలక మూడింటిలోపు పైకి చేరితే అతను ఇంటికి వెళ్తాడు.

'మీకు తెలుసా' అని రాసింది పలకమ్మ. మాస్టారిని ఆమె 'నువ్వు' అంటుందో 'మీరు' అంటుందో డిటెక్టివ్‌కి తెలియదు. ఆ గోడ దగ్గర ఫొటోలు తీస్తున్నది ఎవరో మాత్రం తెలుసు. పన్నెండేళ్ళ నారుమడి పోయిందని తెలిస్తే ఎవరి పరువు పోతుందో తెలుసు. ఈ కోతల్లో మాస్టారి చెయ్యీ ఉండి ఉండాలి, అందుకే 'ఆవిడతో వద్దు' అన్నాడు గానీ ఎందుకో చెప్పలేకపోయాడు.

పలకని జాకెట్టు లోపలికి తోసి, జిప్పు లాగింది. తల ఎత్తింది.

పెద్దమ్మ ఎదురుగా ఉంది. చేయి చాపితే అందేంత దూరంలో, ఇసుకకి జానెడు ఎత్తున, కదలకుండా. ఎప్పుడు వచ్చిందో. అద్దం వెనక ఆవిడ కళ్ళు డిటెక్టివ్ జాకెట్టు జిప్పు మీద ఉన్నాయి. తరవాత మొహం మీదకి వచ్చాయి. వాటిలో కోపం లేదు. జ్వరం చూసే పెద్దవాళ్ళ కళ్ళలా ఉన్నాయి.

ఆవిడ తన నడుముకి తగిలించుకున్న పలక తీసింది. నింపాదిగా రాసింది. తిప్పి చూపించింది. పొడుగ్గా, కుడికి వాలిన అక్షరాలు.

*వెనక్కి తిరగండి. మీ వాల్వ్ దగ్గర బుడగలు.*

డిటెక్టివ్ తిరగలేదు. కాళ్ళతో ఇసుకని తన్ని, వెనక్కి పోయి, వీపుని రాతిగోడకి ఆనించింది. ట్యాంకు రాయికి తగిలి టంగుమంది. పైన పడవ నీడ అక్కడే ఉంది. దాన్లో ముగ్గురున్నారు, ఒక్కరూ కిందికి చూడనక్కర్లేదు, జోడీతోనే కదా దిగింది. పైకి వెళ్ళాలంటే గోడ వదలాలి. గోడ వదిలితే వీపు వదిలినట్టే. ఒక్క ఉదుటున లేస్తే ఊపిరితిత్తులు. ఆ మాట చెప్పింది కూడా ఈవిడే, అది అబద్ధం కాదు.

ఆమె గేజి ఎత్తింది. ఎనభై. గుండె కొట్టుకుంటున్న వేగానికి ఎనిమిది, తొమ్మిది నిమిషాలు. ఒక చేత్తో జిప్పు పట్టుకుంది, ఇంకో చెయ్యి మెడ వెనక్కి, అందని చోటికి, వేళ్ళు సాగేదాకా చాపింది.

పెద్దమ్మ దగ్గరికి రాలేదు. ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుంది. తన గేజి తిప్పి డిటెక్టివ్‌కి కనపడేలా పట్టుకుంది. నూట యాభై. పలక మీద రాసింది బొటనవేలితో చెరిపి, మళ్ళీ రాసింది.

*నాకు తొందర లేదమ్మా.*